తీరంలో గోధుమరంగు తెట్టు: పరిశ్రమ వ్యర్థమా, నత్రజనిని పట్టే సూక్ష్మజీవా?

తీరవాసి
సభ్యులందరికీ నమస్కారం. నేను భీమిలి పరిసరాల్లోని ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. గత ఆదివారం ఉదయం ఒడ్డున నడుస్తుండగా, అలలు విరిగే చోటికి అవతల నీటిమీద గోధుమరంగు చారలు కనిపించాయి. గాలి వీచే దిశలోనే, ఒకదాని పక్కన ఒకటిగా, చాలా దూరం సాగి ఉన్నాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చోట ఆ తెట్టు అచ్చంగా రంపపు పొట్టును నీళ్లలో కలిపినట్టు ఉంది. వేళ్ల మధ్య నలిపి చూస్తే జిడ్డు తగలలేదు, సన్నని పీచు ముక్కలు మాత్రం చర్మానికి అంటుకున్నాయి. కాస్త ఎండ ఎక్కేసరికి ఘాటైన వాసన కూడా మొదలైంది.

ఇది ఏదో పరిశ్రమ వదిలిన వ్యర్థమేనని ఊళ్లో అందరూ ఒక నిర్ణయానికి వచ్చేశారు. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చే నా విద్యార్థులు ఇద్దరు మాత్రం, "మాస్టారూ, గాలి పడిపోయి ఎండలు ముదిరే రోజుల్లో ఇది ముందు కూడా వచ్చింది, మా తాత చూశానంటాడు" అన్నారు. ఉష్ణమండల తీరాల్లో గాలిలోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చే సముద్ర బ్యాక్టీరియా ఉంటాయని ఎప్పుడో చదివిన గుర్తు. నేను చూసింది అదేనా? చుట్టూ ఇంత సముద్రం ఉండగా దానికి నత్రజని కొరత ఎలా వస్తుంది? తెలిసినవారు వివరించవలసిందిగా కోరుతున్నాను. సీసాలో కొంత నీరు పట్టి ఉంచాను.

ప్లవక పరిశీలకురాలు
తీరవాసి గారూ, మీరు చెప్పిన ప్రతి గుర్తూ ట్రైకోడెస్మియం వైపే చూపిస్తోంది. అయినా చూడకుండా తేల్చి చెప్పడం సరికాదు కాబట్టి, సీసాను ఎలా పరీక్షించాలో చివర రాస్తాను.

ట్రైకోడెస్మియం ఒక సయనోబాక్టీరియా, అంటే మొక్కల్లా ఎండతో ఆహారం తయారుచేసుకునే బ్యాక్టీరియా (నీలి ఆకుపచ్చ నాచు అనేది వీటినే). కణాలు వరుసగా అతుక్కుని పోగుగా ఏర్పడతాయి. పదుల కొద్దీ, వందల కొద్దీ పోగులు కలిసి, కంటికి కనిపించేంత కట్టగానో, దూదిపింజె లాంటి ఉండగానో తయారవుతాయి. మీ వేళ్లకు అంటుకున్న పీచు ముక్కలు ఆ కట్టలే కావచ్చు. కణాల లోపల గాలితో నిండిన సూక్ష్మమైన తిత్తులు ఉండటం వల్ల అవి పైకి తేలతాయి. సముద్రం నిశ్చలంగా ఉన్న రోజుల్లో అన్నీ పైకి చేరి తెట్టు కడతాయి, తేలికపాటి గాలి వాటిని చారలుగా పేరుస్తుంది.

రంపపు పొట్టు అన్న పోలిక మీకే కాదు, నావికులకు కూడా పూర్వమే తట్టింది. 1770లో ఆంగ్ల నావికుడు జేమ్స్ కుక్ నౌక ఆస్ట్రేలియా తీరం వెంట సాగినప్పుడు అందులోనివారు దీన్ని చూశారు, 'సముద్రపు రంపపు పొట్టు' అనే పేరు అప్పటినుంచీ చెలామణిలో ఉంది. 1832 మార్చిలో బ్రెజిల్ తీరానికి దూరంగా అబ్రోల్యూస్ దీవుల దగ్గర డార్విన్ కూడా దీన్ని గమనించాడు. ఆయనకు అది చిన్నచిన్నగా తరిగిన ఎండుగడ్డిలా కనిపించింది. ఎర్ర సముద్రంలో దీన్ని పరిశీలించి 1830లో శాస్త్రీయంగా పేరు పెట్టినవాడు జర్మన్ శాస్త్రవేత్త ఎరెన్‌బర్గ్. ఎర్ర సముద్రానికి ఆ పేరు రావడానికి ఈ జీవే కారణమని చెప్పేవారు చాలామంది ఉన్నారు.

మన తీరాలకూ ఇది పాత చుట్టమే. రామేశ్వరం దగ్గరి పాంబన్ ప్రాంతంలో ఇది దట్టంగా కమ్మిన సంగతి 1940లలోనే రాతకెక్కింది. 1970లలో గోవా తీరంలో దీనిపై విస్తృతంగా పరిశీలనలు జరిగాయి. 2007 మార్చిలో చెన్నైకి దక్షిణాన కల్పాక్కం తీరంలో కమ్మినప్పుడు నీటి రసాయన మార్పులను కూడా కొలిచారు. ఫిబ్రవరి నుంచి మే దాకా, అంటే గాలి తగ్గి నీరు వేడెక్కే కాలంలో, ఇది ఎక్కువగా కనిపిస్తుంది. మీ విద్యార్థి తాతగారి జ్ఞాపకం దీనితో సరిగ్గా సరిపోతోంది.

ఇక సీసా సంగతి. వడకట్టకుండా పారదర్శకమైన గాజు సీసాలో పోసి, నేరుగా ఎండ తగలని చోట కదపకుండా ఉంచండి. పీచు ముక్కలు పైకి తేలి మూత దగ్గర వలయంలా చేరితే అది ఒక గుర్తు. మర్నాటికి కణాలు చిట్లి, లోపలి ఎర్రని వర్ణకం నీటిలోకి దిగి, నీరు గులాబీరంగుకు తిరిగితే అది మరింత బలమైన గుర్తు. నూనె అయితే ఇంద్రధనుస్సు రంగుల పొర కనిపిస్తుంది. రాత్రిపూట నీటిని కదిపినప్పుడు నీలిరంగు వెలుగు వస్తే అది నాక్టిల్యూకా అనే వేరే జీవి కావచ్చు. అది గుండ్రంగా సగ్గుబియ్యంలా ఉంటుంది, పీచుగా ఉండదు.

కోనసీమ రైతు
అమ్మా, మీ వివరణ చదివాక నాకు మా పొలమే గుర్తుకొచ్చింది. వరి వేసే ముందు మేము జీలుగు గానీ పిల్లిపెసర గానీ చల్లి, పూతకు రాకముందే దమ్ములో కలియదున్నుతాము. మొక్కను పీకి చూస్తే వేళ్లకు బుడిపెలు ఉంటాయి, కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది. గాలిలోని నత్రజనిని పట్టేది ఆ బుడిపెల్లోని సూక్ష్మజీవులేనని వ్యవసాయ అధికారులు చెబుతారు. వరిచేలో నీలి ఆకుపచ్చ నాచు, అజొల్లా కూడా అదే పని చేస్తాయంటారు. సముద్రంలోని ఈ జీవి కూడా ఆ కోవకు చెందినదేనా? అయితే దీన్ని పోగుచేసి ఎరువుగా వాడవచ్చునా? మరొక మాట. మా డెల్టా నుంచి యూరియా కలిసిన నీరు, రొయ్యల చెరువుల నీరు, అన్నీ చివరికి సముద్రంలోకే పోతున్నాయి కదా. ఈ తెట్టుకు కారణం అదే కాకూడదా? తప్పు మావైపు ఉంటే ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు.

రసాయన బోధకుడు
రైతు గారి మొదటి ప్రశ్నకు నేను సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తాను. పనిచేసే ఎంజైమ్ రెండుచోట్లా ఒకటే, దాని పేరు నైట్రోజినేజ్. గాలిలో 78 శాతం నత్రజనే అయినా, దాని అణువులోని రెండు పరమాణువులూ మూడు బంధాలతో ముడిపడి ఉంటాయి కాబట్టి మొక్కలు గానీ, చాలా మటుకు సూక్ష్మజీవులు గానీ దాన్ని నేరుగా వాడుకోలేవు. యూరియాకు కావలసిన అమోనియాను తయారుచేసే కర్మాగారంలో ఆ ముడి విప్పడానికి 400 డిగ్రీల సెల్సియస్‌కు పైబడిన వేడి, వాతావరణ పీడనానికి వందరెట్లకు మించిన పీడనం కావాలి. నైట్రోజినేజ్ అదే పనిని సముద్రపు మామూలు వేడిమిలోనే చేస్తుంది, అయితే ఒక్కొక్క నత్రజని అణువుకు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువులను కనీసం 16 ఖర్చుపెడుతుంది. కణానికి ఇది చాలా పెద్ద ఖర్చు. చుట్టూ నైట్రేట్ గానీ అమోనియా గానీ అందుబాటులో ఉంటే ఏ జీవీ ఈ ఖర్చుకు సాధారణంగా సిద్ధపడదు. రైతు గారి యూరియా ప్రశ్నకు కూడా సమాధానం ఇందులోనే ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంకో చిక్కు ఉంది. నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ పడదు, తగిలితే చెడిపోతుంది. జీలుగు బుడిపెలో మీకు కనిపించిన ఎరుపు, ఆక్సిజన్‌ను పట్టి అదుపులో ఉంచే లెగ్‌హీమోగ్లోబిన్ రంగు. చేలోని నాచులో అయితే, మందపాటి గోడలు గల ప్రత్యేక కణాలు ఈ పనికోసం వేరుగా ఉంటాయి. ట్రైకోడెస్మియంకు అలాంటి మందగోడల కణాలు లేవని చదివాను. పట్టపగలు, తాను స్వయంగా ఆక్సిజన్‌ను విడుదల చేస్తూనే, ఇది నత్రజనిని ఎలా పట్టగలుగుతోందో పరిశీలకురాలు గారు చెబితే బాగుంటుంది.

ప్లవక పరిశీలకురాలు
బోధకుడు గారు అడిగింది ఈ రంగంలో దశాబ్దాలుగా అందరినీ ఆలోచింపజేసిన ప్రశ్న. పోగులోని కణాలన్నీ ఒకేసారి రెండు పనులూ చేయవన్నది ఇప్పటివరకు తేలిన సారాంశం. కొన్ని కణాలు కొంతసేపు కిరణజన్య సంయోగక్రియను తగ్గించుకుని నత్రజని పనిలోకి దిగుతాయి. మధ్యాహ్నానికి ఆ పని ఉచ్చస్థితికి చేరుతుంది. శ్వాసక్రియ ద్వారా ఆక్సిజన్‌ను వేగంగా వాడేసుకోవడం కూడా ఇందులో భాగమే.

రైతు గారూ, మీ నిజాయితీకి నమస్కారం. కానీ ఈ తెట్టు విషయంలో తప్పు మీ యూరియాదని నేను చెప్పలేను. డెల్టా కాలువల నుంచి వచ్చే నత్రజని ఇతర శైవలాలను, అంటే నీటిలోని నాచు జాతులను, పెంచుతుంది, ఆ సమస్య వేరు, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు కూడా. నత్రజని పుష్కలంగా ఉన్న నీటిలో వేగంగా పెరిగే మిగతా శైవలాలదే పైచేయి. ట్రైకోడెస్మియం నెమ్మదిగా పెరిగే జీవి. తక్కినవన్నీ నత్రజని లేక ఆగిపోయిన చోటే దానికి అవకాశం.

ఆ కొరత ఎలా వస్తుందని తీరవాసి గారు అడిగారు. ఉష్ణమండలంలో పైనీరు వేడెక్కి తేలికవుతుంది, కిందినీరు చల్లగా, బరువుగా ఉంటుంది. ఈ రెండూ కలవకపోతే లోతుల్లో నిలవ ఉన్న నైట్రేట్ వెలుగు పడే పైపొరకు చేరదు. బంగాళాఖాతంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, దానితోపాటు వర్షపునీరు, ఉప్పునీటి మీద తేలికైన మూతలా పరుచుకుంటాయి. ఆ మూత కింద నైట్రేట్ ఉంటుంది, మూత పైన ఉన్న జీవులు దాని కోసం మొహం వాచి ఉంటాయి. గాలి కూడా పడిపోయే మార్చి, ఏప్రిల్ నెలల్లో నీటిని కలియబెట్టేది ఏదీ ఉండదు. అప్పుడు గాలిలోని నత్రజనిని పట్టగల జీవి ఒక్కటే ముందుకు వస్తుంది.

అయితే దానికి కూడా ఇనుము, భాస్వరం కావాలి. నైట్రోజినేజ్ నిర్మాణంలోనే ఇనుము చాలా ఎక్కువ. ఎడారి ధూళి ద్వారా, నదుల ద్వారా అది అందుతుంది. ఎర్ర సముద్రపు ఉత్తర కొసన ఉన్న అకాబా సింధుశాఖలో శాస్త్రవేత్తలు చూసిన విషయం ఒకటి నాకు ఎంతో ఇష్టం. దూదిపింజెలా ఉండే ట్రైకోడెస్మియం ఉండ మీద ధూళి రేణువు పడితే, పోగులు దాన్ని నెమ్మదిగా జరుపుకుంటూ ఉండ నడిమికి చేరుస్తాయి, అక్కడ ఉంచుకుని ఇనుమును కరిగించుకుంటాయి. 2011లో వెలువడిన ఈ పరిశీలనను చదివాక, సూక్ష్మదర్శిని కింద ప్రతి ఉండనూ నేను నడిమిదాకా వెతికి గానీ వదలడం లేదు.

పోగుచేసి ఎరువుగా వాడటం మాత్రం పనికిరాదు. ఉప్పు ఒక కారణం, రెండు రోజుల్లో చెదిరిపోయే దాని స్వభావం మరొకటి. అదీగాక కొన్ని సందర్భాల్లో ఇందులో విషపదార్థాలు కూడా ఉంటాయి. మీకు చేలోని నాచు, అజొల్లా చాలు.

కాకినాడ పడవ
నేను మత్స్యకారుణ్ణి కాను గాని మా నాన్నగారు ఇరవై ఏళ్లు చెక్క పడవ నడిపారు, నేను ఇప్పుడు మరపడవల యంత్రాలు బాగుచేస్తాను. మాకు అర్థమయ్యే ప్రశ్న ఒకటే. ఈ తెట్టు వస్తే చేప ఏమవుతుంది? తెట్టు దట్టంగా ఉన్న చోట వల వేయడం దండగని మా నాన్నగారు అనేవారు, పీచు పట్టి వల బరువెక్కుతుంది, చేప కూడా ఉండదు. ఇది మేలు చేసే జీవి అయితే చేప ఎందుకు దూరమవుతుంది?

ప్లవక పరిశీలకురాలు
మీ నాన్నగారు గమనించినది నిజమే, మేలు చేస్తుందన్న మాట కూడా నిజమే, కాకపోతే ఆ రెండూ జరిగే కాలాలు వేరు. తెట్టు బతికి ఉన్నంతకాలం తాను పట్టిన నత్రజనిలో గణనీయమైన భాగాన్ని, కొన్ని కొలతల్లో సగం దాకా, అమోనియాగానూ అమైనో ఆమ్లాలుగానూ నీటిలోకి వదులుతూ ఉంటుంది. దాన్ని తాగి ఇతర ప్లవకాలు, అంటే నీటితోపాటు కొట్టుకుపోయే సూక్ష్మజీవులు, పెరుగుతాయి, వాటిని తిని చిన్న జీవులు, ఆ తరువాత చేపలు. ట్రైకోడెస్మియంను నేరుగా తినేవి మాత్రం తక్కువ. మాక్రోసెటెల్లా అనే సన్నని రొయ్య లాంటి సూక్ష్మజీవి దాన్ని తింటుంది, దాని పోగులనే తన పిల్లలకు ఊయలగా కూడా వాడుకుంటుంది.

తెట్టు చనిపోయి కుళ్లే దశ వేరు. అప్పుడు బ్యాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేస్తాయి, అమోనియా పెరుగుతుంది. కల్పాక్కంలో 2007లో అమోనియా మామూలు స్థాయిని ఎంతో మించిపోయింది. అలాంటి నీటి నుంచి చేప తప్పుకుంటుంది, తప్పుకోలేని చోట, అంటే నీరు కదలని మూలల్లో, చనిపోవచ్చు కూడా. కాబట్టి తెట్టు ఒడ్డుకు చేరి వాసన వేస్తున్నప్పుడు అక్కడ పిల్లల్ని స్నానానికి దింపకపోవడం, ఆ నీటిని చెరువులకు తోడకపోవడం మంచిది. రొయ్యల రైతులు ఈ చివరి మాటను ప్రత్యేకంగా గమనించాలి.

నీలిసంద్రం (హోనొలులు)
ఈ చర్చను నిన్న రాత్రే చూశాను. నేను తెనాలి నుంచి వచ్చి ఇక్కడ సముద్ర సూక్ష్మజీవశాస్త్రం చదువుకుంటున్నాను. ట్రైకోడెస్మియం కంటికి కనిపిస్తుంది కాబట్టి పేరంతా దానికే దక్కింది. కంటికి కనిపించని జీవుల గురించి కూడా చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

క్రోకోస్ఫేరా అనేది ఒంటరి కణం. అది పగలు కిరణజన్య సంయోగక్రియ చేసి, రాత్రి నత్రజనిని పడుతుంది. అందులో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఇనుము వాడకం. రాత్రి అవసరమైన నైట్రోజినేజ్‌ను తెల్లవారగానే విడగొట్టి, ఆ ఇనుమునే పగటి ప్రోటీన్లకు వాడుకుంటుంది, సాయంత్రం మళ్లీ తిరగేస్తుంది. ఒకే పట్టుచీరను అక్కాచెల్లెళ్లు వేళలు చూసుకుని కట్టుకున్నట్టు అన్నమాట. దీనివల్ల ఇనుము అవసరం 40 శాతం దాకా తగ్గుతుందని 2011లో లెక్కగట్టారు.

రెండవది రిచీలియా అనే సయనోబాక్టీరియా. ఇది హెమియాలస్ వంటి డయాటమ్‌ల (సిలికా గోడలు గల సూక్ష్మ శైవలాల) లోపల చేరి, ఆశ్రయమిచ్చిన కణానికి నత్రజనిని అందిస్తుంది. అమెజాన్ నది నీరు అట్లాంటిక్‌లోకి వందల కిలోమీటర్లు విస్తరించే చోట, నది తెచ్చిన నత్రజని ముందుగా అయిపోయి భాస్వరం, సిలికా మిగిలిపోతాయి. అక్కడ ఈ జంటలు విపరీతంగా పెరుగుతాయని 2008లో చూపించారు. మన గోదావరి, కృష్ణల ముఖద్వారాలకు అవతల కూడా ఇదే కోణంలో వెతకాలని నా కోరిక.

మూడవదాని కథ పొడవైనది. 1998లో జోనాథన్ జెహర్ బృందానికి పసిఫిక్ నీటిలో నత్రజని స్థాపనకు, అంటే గాలిలోని నత్రజనిని పట్టే పనికి, సంబంధించిన చిన్న డీఎన్‌ఏ ముక్క దొరికింది. ఆ జీవి ఏమిటో ఎవరికీ తెలియదు. తరువాత దాని జీన్ల పటం గీస్తే ఆక్సిజన్‌ను విడుదల చేసే యంత్రాంగమే అందులో లేదని తేలింది. 2012కు అది ఒక శైవలంతో జతగా బతుకుతోందని అర్థమైంది. జపాన్‌లో క్యోకో హగినో ఆ శైవలాన్ని ప్రయోగశాలలో పెంచడానికి పదేళ్లకు పైగా శ్రమించారు. ఆ పెంపకం వల్లనే 2024 ఏప్రిల్‌లో అసలు సంగతి బయటపడింది. శైవలం విభజన చెందేటప్పుడు ఇది కూడా దానితోపాటే విభజన చెందుతుంది, తనకు కావలసిన ప్రోటీన్లలో చాలావాటిని శైవలం నుంచే తెచ్చుకుంటుంది. అంటే అది అతిథి స్థాయిని దాటి కణంలో ఒక అవయవమైపోయింది. దానికి నైట్రోప్లాస్ట్ అని పేరు పెట్టారు. మనం పాఠాల్లో చెప్పే మైటోకాండ్రియా, హరితరేణువుల వరుసలో ఇది చేరింది. తీరవాసి గారు మీ పిల్లలకు ఇది తప్పక చెప్పండి.

రసాయన బోధకుడు
అయితే బంగాళాఖాతంలో నత్రజని స్థాపన ఎంత జరుగుతోందో ఎవరైనా కొలిచారా? కొరత ఉంది, ఇనుము ఉంది, వేడి ఉంది. తర్కం ప్రకారం ఈ సముద్రం మిగతావాటికంటే ముందుండాలి.

నీలిసంద్రం (హోనొలులు)
తర్కం అలాగే చెబుతుంది, కొలతలు మాత్రం అంత సులువుగా లొంగలేదు. 2020లో వెలువడిన ఒక పరిశోధన, బంగాళాఖాతంలో ఆక్సిజన్ తక్కువగా ఉండే లోతు నీటిలో నత్రజని స్థాపనకు కావలసిన జీన్లు దొరికాయి గాని, ఆ పని జరుగుతున్న ఆనవాలు కొలతకు అందలేదని చెప్పింది. జీన్ ఉండటం వేరు, అది పనిచేయడం వేరు. అరేబియా సముద్రం తూర్పు భాగంలో పరిస్థితి భిన్నం. అక్కడ ట్రైకోడెస్మియం కమ్మిన సమయంలో అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు నేరుగా కొలిచి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వేగం చాలా ఎక్కువగా వచ్చింది.

కొలిచే పద్ధతిలోనే ఒక లోపం ఉండేది. గుర్తుపట్టడానికి వీలైన బరువైన రకం నత్రజని వాయువును బుడగగా సీసాలోకి ఎక్కించి, జీవులు ఎంత తీసుకున్నాయో చూసేవారు. ఆ బుడగ నీటిలో నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి లెక్క తక్కువగా వస్తోందని 2010లో తేలింది. అంతకు ముందు కొలతలన్నింటినీ ఆ దృష్టితో చదవాలి. ప్రపంచ సముద్రాలన్నింటికీ కలిపి ఏటా 10 కోట్ల నుంచి 20 కోట్ల టన్నుల దాకా అని విస్తృతమైన అంచనా వేయడానికి ఇదీ ఒక కారణం.

కాకినాడ పడవ
నాకు ఇంకో సందేహం. చెక్క పడవలను తొలిచే పురుగులో కూడా ఈ బ్యాక్టీరియా ఉంటుందని ఎవరో అన్నారు. నమ్మవచ్చా?

ప్లవక పరిశీలకురాలు
నమ్మవచ్చు. అది నిజానికి పురుగు కాదు, ఆల్చిప్పల కుటుంబానికి చెందిన జీవి, ఒళ్లు సాగి పురుగులా మారింది. చెక్కలో పిండిపదార్థం తరహా ఆహారం ఉంటుంది గాని నత్రజని దాదాపు ఉండదు. కేవలం చెక్క తిని అది మాంసం ఎలా పెంచుకుంటుందన్న ప్రశ్నకు 1983లో జవాబు దొరికింది. దాని మొప్పల్లో ఉండే ఒక బ్యాక్టీరియా చెక్కను జీర్ణం చేసే ఎంజైములనూ ఇస్తుంది, నత్రజనినీ పడుతుంది. ఇప్పుడు దాన్ని టెరెడినిబాక్టర్ టర్నెరే అంటారు. మీ నాన్నగారి పడవ అడుగున తారు పూయించిన ప్రతిసారీ పోరాడింది ఆ జంటతోనే.

కోరింగ మడ అడవిలో బురద తొక్కితే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది కదా, సల్ఫేట్‌ను వాడుకుని ఆ వాసనను పుట్టించే బ్యాక్టీరియాల్లో కూడా కొన్ని నత్రజనిని పట్టగలవు. మడ చెట్ల శ్వాసవేర్ల మీద పట్టే నాచుపొరలో సయనోబాక్టీరియా కూడా ఉంటుంది. వంతెనల కోసమో చెరువుల కోసమో మడను నరికినప్పుడు మనం చెట్టును మాత్రమే లెక్కవేస్తున్నాము.

తీరవాసి
అందరికీ కృతజ్ఞతలు. సీసా ఫలితం చెబుతాను. ప్రయోగశాల కిటికీకి దూరంగా బల్లమీద ఉంచాను. గంటలోపే పీచు అంతా పైకి చేరి, సీసా మెడ చుట్టూ వేలెడు మందాన వలయం కట్టింది. మర్నాడు ఉదయం తలుపు తీసేసరికి, వలయం రంగు వెలిసి పాలిపోయింది, కింది నీరు పలచని దానిమ్మ రసంలా ఉంది. పాఠశాల సూక్ష్మదర్శినిలో చుక్క వేస్తే, ఒకదాని పక్కన ఒకటి పేర్చిన నాణేల్లాంటి కణాల పోగులు కనిపించాయి. పిల్లలు ఒక్కొక్కరూ వరుసలో నిలబడి చూశారు.

ప్లవక పరిశీలకురాలు
ఇక సందేహం దాదాపు లేదు. కొత్త నీటిని మరో చిన్న సీసాలో పట్టి, నమూనా పాడవకుండా గోధుమరంగు తేలేంత లూగోల్ అయోడిన్ ద్రావణం వేసి, తేదీ, సమయం, చోటు, గాలి తీరు రాసిపెట్టండి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) ఉపగ్రహ చిత్రాల ఆధారంగా శైవలాల కమ్ముడుపై సమాచారం ఇస్తుంది. మీ తేదీన తీరం వెంట ఏమి కనిపించిందో అందులో పోల్చి చూడండి. విశాఖలోని జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని కూడా సంప్రదించవచ్చు.

తీరవాసి
రెండు సీసాలు సిద్ధం చేశాను. తాతగారు గతంలో ఏ ఏడు, ఏ నెలలో చూశారో అడిగి రాసుకురమ్మని ఆ ఇద్దరు పిల్లలకూ చెప్పాను. ఆయనకు సంవత్సరాలు గుర్తులేవట, కానీ మనవరాలి పెళ్లి జరిగిన ఎండాకాలం ఒకటి, కొత్త వల కొన్న ఎండాకాలం ఒకటి అని చెప్పారట. వాటికి తేదీలు కట్టే పనిలో ఉన్నారు.

కోనసీమ రైతు
మాస్టారూ, ఆ జాబితా పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి. అంతర్వేది వైపు మా బంధువులను కూడా అవే ఎండాకాలాల గురించి అడుగుతాను.